కొత్త అక్విడక్టు, పాత కాలువ

మలికిపురం పొలాలకు గోదావరి జలం చేరవలెనంటే గన్నవరం వద్ద వైనతేయ పాయను దాటవలె. 19వ శతాబ్దిలో కట్టిన అక్విడక్టు పాతబడగా దాని ప్రక్కనే కొత్తది నిర్మించి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. కట్టడం కొత్తది, అది నీరందించవలసిన కాలువ పాతది. కొత్తది కట్టేవారు దిగువన ఏ కాలువ ఎదురుచూస్తున్నదో ముందుగా తెలుసుకొనవలె.

కంప్యూటరు భాషలకూ ఈ న్యాయం వర్తిస్తుంది. ఒక భాషకు మూలకర్తలు నిర్మించిన సాధనం ఒకటి ఉండగా, అదే భాషను మరొక తీరున నడిపించే సాధనాలు పుడుతుంటాయి. భాషకు కొత్త వెర్షన్లు వస్తుంటే వీరు దేనిని అనుసరించవలె?

పైథాన్ ఇందుకు చక్కని నిదర్శనం. 2008 డిసెంబరులో మూడవ పైథాన్ వెలువడుతూ, పాతదానితో పొత్తును బుద్ధిపూర్వకంగానే వదులుకున్నది. 2020 జనవరి 1తో రెండవదానికి మూలకర్తల పోషణ ముగిసింది. అయినా జావాపై నడిచే జైథాన్ 2.7 వద్దనే నిలిచింది. పైపై అనే మరొక సాధనం రెండింటినీ మోస్తున్నది. దానిని నిర్మించే పరికరాలే పాత పైథాన్‌లో వ్రాసి ఉండడం అందుకు కారణం. చిన్న యంత్రాలకై పుట్టిన మైక్రోపైథాన్ 3.4ను ప్రమాణంగా గైకొని, తరువాతి సౌకర్యాలలో కొన్నింటినే ఏరుకున్నది. ఏవి ఉన్నవో, ఏవి లేవో తన పత్రాలలో చెప్పుకున్నది.

పాతదానిని పట్టుకున్నవారిని ఛాందసులనడం న్యాయం కాదు. ఎవరి అవసరం వారిది. దోషం ఎంపికలో లేదు, ఎంపికను మరుగుపరచడంలో ఉన్నది.

పాత పుస్తకం చూచి కుండలీకరణాలు లేకుండా ప్రింట్ వాక్యం వ్రాస్తే కొత్త పైథాన్ అక్కడే అడ్డగిస్తుంది. అది మేలే. కాని 3ను 2తో భాగిస్తే పాతది 1 అంటుంది, కొత్తది 1.5 అంటుంది, రెండూ ఏ హెచ్చరికా లేకుండా ముందుకు సాగిపోతాయి. అడిగి తెలుసుకొనే పెద్దదిక్కు లేని పల్లెటూరి విద్యార్థి అప్పుడు సాధనాన్ని శంకించడు, తన తెలివినే శంకించుకుంటాడు. ఆ నష్టానికి లెక్క కట్టేవారెవరు?

కనుక ఏ వెర్షన్‌ను అనుసరించినదీ, ఎక్కడ తొలగినదీ నిర్మాతలు మొదటి పుటలోనే చెప్పవలె. పాఠం చెప్పేవారు కూడ తమ పుస్తకం ఏ వెర్షన్‌దో మొదటి రోజుననే చెప్పవలె. కాలువను నమ్మి రైతు నారు పోస్తాడు. భాషను నమ్మి విద్యార్థి లెక్క వ్రాస్తాడు. ఆ నమ్మకాన్ని నిలబెట్టడమే కట్టేవారి ధర్మం.