ముందు బండిని నమ్ముకున్న కారు

ఎడ్లబండి తోలేవాడు నిద్రపోవచ్చు. సంతనుంచి తిరిగివచ్చే బండిలో ఖాళీ గోతాల మీద పడుకొని, మొహాన కండువా కప్పుకొని గురకపెట్టే రైతుల్ని చిన్నప్పుడు మా వూళ్ళో చాలామందిని చూశాను. ఎడ్లకు దారి తెలుసు. గొయ్యి వుంటే తప్పుకుంటాయి. ఎదురుగా ఏదన్నా అడ్డంగా వుంటే ఆగిపోతాయి. అది యజమాని మీద విశ్వాసమని మనం మురిసిపోతాం గాని, అసలు సంగతి వేరు. గోతిలో పడితే ముందుగా విరిగేవి వాటి కాళ్ళే గదా!

ఇప్పుడు కార్లకు కూడా ఆ విద్య అబ్బిందంటున్నారు. దాన్ని 'ఎడాప్టివ్ క్రూజ్ కంట్రోల్' అంటారు. తెలుగులో ఏమనాలని నన్ను అడిగినవాళ్ళున్నారు, తెలుగు చెప్పుకు బతికేవాణ్ణి గనక. 'అనుకూల వేగ నియంత్రణ' అంటే పండితులు సంతోషిస్తారు, డ్రైవర్లు నవ్వుతారు. రోడ్డు మీద అందరూ "క్రూజ్‌లో పెట్టాను" అంటున్నారు. మనమూ అలాగే అందాం. పేరుతో నాకు పేచీ లేదు.

చిత్రమేమంటే, యీ విద్యకు మూలపురుషుడు చూపులేనివాడు. అమెరికాలో రాల్ఫ్ టీటర్ అనే ఇంజనీరు అయిదో యేట కళ్ళు పోగొట్టుకున్నాడు. కారు వేగాన్ని ఒకే తీరుగా నిలబెట్టే సాధనానికి 1950లో పేటెంటు సంపాదించాడు. 1958లో క్రైస్లర్ కంపెనీవారు దాన్ని తమ కార్లలో పెట్టారు. అది వొట్టి మొండిఘటం. 80 అంటే 80, ముందు ఏనుగున్నా సరే. 1995లో జపానులో మిత్సుబిషివారు దానికి కాస్త చూపు తగిలించారు. ముందు బండి దగ్గరవుతుంటే వేగం తగ్గించేది గాని బ్రేకు జోలికి పోయేది కాదు. 1999లో జర్మనీలో మెర్సిడెస్ వారు రాడారు పెట్టి, బ్రేకు కూడా దాని చేతికిచ్చారు. మన దేశంలో 2020 తరవాత యిది మధ్యతరగతివాళ్ళు అప్పుచేసి కొనే కార్లలోకి కూడా దిగివచ్చింది.

దాని పనితనం చూడముచ్చటగానే వుంటుంది. 100 అని మీరు చెప్తారు. ముందు ఎంత ఎడం వుండాలో చెప్తారు. దారి ఖాళీగా వుంటే నూరు మీద పోతుంది. ముందు బండి ఎనభై మీద పోతుంటే తనూ ఎనభైకి దిగి, ఆ ఎడం చెడకుండా వెంట నడుస్తుంది. మధ్యలోకి ఎవడన్నా దూరితే దానికి రోషం రాదు. మారుమాట లేకుండా వెనక్కి తగ్గుతుంది. ఆ ఒక్క గుణం మన డ్రైవర్లలో సగంమందికి వుంటే బాగుండును.

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడి కొత్త కారులో హైదరాబాదునుంచి విజయవాడ వెళ్ళాం. చౌటుప్పల్ దాటగానే వాడు క్రూజ్‌లో పెట్టి, రెండు కాళ్ళూ వెనక్కి లాక్కొని, "చూశావా మావయ్యా, నేనేమీ చెయ్యటం లేదు!" అన్నాడు. నిజమే, ముప్ఫై కిలోమీటర్లు వాడేమీ చెయ్యలేదు. మా ముందు ఒక బస్సు పోతున్నది. దాని వెనకాలే మా కారు, పెళ్ళివారి వెంట పిల్లాడిలా, బుద్ధిగా నడుస్తున్నది. వున్నట్టుండి బస్సు కుడిపక్కకు తప్పుకుంది. అది తప్పుకున్నచోట టైరు పేలి ఆగిపోయిన లారీ! వెనకాల గుర్తుగా ఒక వేపకొమ్మ గుచ్చి వుంది. బస్సు పోయింది గనక దారి ఖాళీ అనుకున్నది మా కారు. వేగం తగ్గలేదు సరిగదా, ఇంజను గుర్రుమని పెరగబోయింది. వాడు కాలు ముందుకు చాపి బ్రేకు తొక్కి, బండిని పక్కకు తిప్పాడు. కుర్రవాడు, చురుకైనవాడు గనక సరిపోయింది.

"ఇంత లారీ దానికి కనపడలేదా?" అని కోపంగా అడిగాడు, నేనేదో ఆ కంపెనీ ఏజంటునయినట్టు.

కనపడే వుంటుంది. కాని రాడారుకు కనపడేవి చాలా వుంటాయి. రోడ్డుపక్క బోర్డులు, ఇనపకమ్మీలు, వంతెన స్తంభాలు, అన్నీ ఆగివున్నవే. వాటన్నిటికీ బ్రేకు వేస్తూ పోతే కారు ఊరు చేరదు. అంచేత కదిలేవాటినే లెక్కపెట్టి, కదలనివాటిని చాలావరకు విడిచిపెట్టేట్టు దాన్ని తయారుచేశారు. కొత్త కార్లలో కెమెరా కూడా వుండి, ఆగిన బండిని కొంతవరకు గుర్తుపట్టే మాట నిజమే. అయినా మంచి వేగంలో వున్నప్పుడు పట్టి తీరుతుందని తయారుచేసినవాళ్ళే పూచీ పడరు. "ఆటోమేటిక్ బ్రేకు వేరే వుందిగా?" అంటాడు మావాడు. వున్నది. అది దెబ్బ తగ్గించడానికి ఆఖరి క్షణంలో ఆదుకునే ఏర్పాటు. దాన్ని నమ్ముకొని కాళ్ళు ముడుచుకోడం, ఊళ్ళో ఆస్పత్రి వుందిగదా అని గోడ దూకడం వంటిది.

కొంచెం లెక్క చూడండి. 100 వేగంలో కారు సెకనుకు 28 మీటర్లు పోతుంది. రెండు సెకన్ల ఎడం పెడితే ముందు బస్సుకూ మనకూ మధ్య 55 మీటర్లు. బస్సు ఆగాలన్నా కొంత దూరం పడుతుంది గనక దాని వెనకాల ఆ ఎడం చాలు. కాని బస్సు ఆఖరి నిమిషంలో తప్పుకుంటే, ఆగివున్న లారీ మనకు ఏ 75 మీటర్లలోనో ప్రత్యక్షమవుతుంది. చూసి, గ్రహించి, కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి ఒక సెకను, ఒకటిన్నర సెకను: అంటే 28 నుంచి 42 మీటర్లు. అక్కణ్ణుంచి ఆగడానికి, రోడ్డు పొడిగా వుండి బ్రేకులు మంచివైతే, ఇంకో 40 మీటర్ల పైచిలుకు. కూడుకోండి. సరిగ్గా లారీ తోకదగ్గర తేలతాం. కాలు సీటు కిందో, చూపు ఫోనులోనో వుంటే ఆ లెక్కకు ఇంకో 28 కలపండి. వాన పడుతుంటే యీ లెక్కే మరిచిపోయి, క్రూజ్ తీసెయ్యండి.

ఇంత చెప్పానని నేను దానికి విరోధిననుకోకండి. హైదరాబాదు చుట్టూవున్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగురోడ్డు వంటిచోట, తెల్లవారుజామున, రోడ్డు పలచగా వున్నప్పుడు అది మంచి తోడు. కాలు లాగదు, నడుం నొప్పి పుట్టదు. మామూలు జాతీయరహదారి సంగతి వేరు. డివైడరు తెగినచోటల్లా ఒక మోటారుసైకిలు ఎదురు వస్తుంది. సాయంత్రమైతే వెనక దీపంలేని ట్రాక్టరు, దానిమీద గడ్డి. రోడ్డు అంచున పోయే మోటారుసైకిలు దానికి ఆనవచ్చు, ఆనకపోవచ్చు. వంపు తిరిగేటప్పుడు పక్కవరస లారీని మన ముందుదనుకొని బ్రేకు వెయ్యవచ్చు, లేదా మన ముందుదాన్నే మరిచిపోవచ్చు. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లు కనపడకముందే దాన్ని ఆపెయ్యడం మంచిది. ఎడం ఎప్పుడూ అన్నిటికన్నా ఎక్కువదే పెట్టుకోండి. మధ్యలో నలుగురు దూరతారు, దూరనివ్వండి. పాదం మాత్రం బ్రేకు పక్కనే వుండాలి. ముందు బండి వెనకభాగం చూస్తూ కూచోక, దానికి అవతల ఏముందో చూస్తుండాలి. అది కారు చెయ్యలేని పని.

నన్ను బాధించేది మరొకటుంది. యీ హెచ్చరికలన్నీ కారుతో ఇచ్చే పుస్తకంలో వున్నాయి. నేను చూసిన పుస్తకం లావుపాటి ఇంగ్లీషు గ్రంథం. షోరూములో కుర్రవాడు పది నిమిషాలు బొత్తాలు నొక్కి చూపించి, మిఠాయి పెట్టె ఇచ్చి పంపుతాడు. యజమాని వెనకసీట్లో కూచుంటాడు. స్టీరింగు పట్టేది ముప్ఫయ్యేళ్ళ అనుభవం వుండి, ఆ పుస్తకంలో ఒక్క ముక్క చదవలేని డ్రైవరు.

మా పక్కింటివారి డ్రైవరు అలాంటివాడే. ఒక ఆదివారం అందులో నాలుగు పేజీలు ఆయనకు తెలుగులో చదివి చెప్పాను. శ్రద్ధగా విని, "బ్రేకు తొక్కితే క్రూజ్ పోతుంది గదా సారూ, మళ్ళీ యీ బొత్తాం నొక్కితే ఏమవుతుంది?" అని అడిగాడు. ముందు పెట్టిన వేగం దానికి గుర్తుంటుందనీ, హైవే దిగి ఊళ్ళో నలభై మీద పోతూ నొక్కినా, ముందు బండి లేకపోతే నూరుకు ఎగబాకుతుందనీ చెప్పాను. ఆయన ఆ బొత్తాంవంక కాసేపు చూసి ఊరుకున్నాడు.

మర్నాడు చూద్దునుగదా, దానిమీద చిన్న నల్లటి ప్లాస్టరు ముక్క అంటించి వుంది. తీసెయ్యమని యజమానీ అనలేదు, నేనూ అనలేదు.