లాభం ఉంది సరే.. డబ్బేదీ?

బ్యాంకు ఉద్యోగం కోసం రీజనింగ్, ఆప్టిట్యూడ్ తెగ రుబ్బేస్తాం. రేపు ఓ చిన్న వ్యాపారి అప్పు కోసం ఫైలు తెచ్చి ముందు పెడితే? నేనూ ఇంజినీరింగ్ వాడినే. డెబిట్, క్రెడిట్ అంటే ఫోన్‌కి వచ్చే మెసేజ్‌లే అనుకునేవాణ్ని.

ఉదాహరణకు ఓ కిరాణా షాపు. ఏడాది అమ్మకాలు రూ.60 లక్షలు, రిటర్నులో ఆదాయం రూ.4.8 లక్షలు. అంటే సరిగ్గా 8 శాతం. ఇది అసలు లాభం కాకపోవచ్చు. ఆదాయ పన్ను చట్టం కింద చిన్న వ్యాపారి నగదు అమ్మకాలపై కనీసం 8, డిజిటల్ వసూళ్లపై 6 శాతం లాభం చూపితే చాలు. అందుకే అమ్మకాలను జీఎస్టీ రిటర్నులతో, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూడాలి.

లాభం వేరు, నగదు వేరు. ఉద్దెర అమ్మకం లాభంలో కలుస్తుంది, గల్లాలోకి రాదు. తరుగుదల లాభాన్ని తగ్గిస్తుంది, జేబులోంచి పైసా పోదు. అప్పు అసలు వాయిదా లాభనష్టాల ఖాతాలో కనిపించదు, కట్టక మాత్రం తప్పదు.

ఇవి తెలియకపోతే నిలబడే వ్యాపారికి అప్పు కాదంటాం, మునిగేవాడికి ఇచ్చేస్తాం. దీనికి కోర్సులు కొనక్కర్లేదు. లిస్టెడ్ కంపెనీల వార్షిక నివేదికలు ఉచితంగానే దొరుకుతాయి. వారానికొకటి తీసి, లాభం పక్కన నగదు ప్రవాహం పెట్టుకుని చదవండి.