పిప్పితో వెలిగే దీవి!

చెరకు గడ నమిలి రసం మింగాక మిగిలేది పిప్పి. ఎవరైనా దాన్ని ఊసేస్తారు. మారిషస్‌ మాత్రం దాంతో ఇళ్లలో దీపాలు వెలిగిస్తోంది!

హిందూ మహాసముద్రంలో చుక్కలా కనిపించే ఈ దేశం విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు. జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు. చమురు బావులు లేవు, గ్యాస్‌ లేదు, బొగ్గు గనులు లేవు. పొరుగు దేశం నుంచి కరెంటు తెచ్చుకుందామంటే చుట్టూ సముద్రమే. ఉన్నదల్లా ఎండ, గాలి, వాన.. వాటికి తోడు ఊరూరా చెరకు తోటలు.

ఆ తోటల్లో తెలుగువాళ్ల చెమట కూడా ఉంది. 1834 నుంచి బ్రిటిష్‌ పాలకులు భారత్‌ నుంచి లక్షల మందిని ఒప్పంద కూలీలుగా అక్కడికి తరలించారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ ఎక్కినవాళ్లు కాబట్టి తెలుగువాళ్లకు అక్కడ 'కోరంగీలు' అన్న పేరు స్థిరపడింది. ఉగాది ఇవాళ మారిషస్‌లో ప్రభుత్వ సెలవు దినం. నాడు వాళ్లు పంచదార కోసం పెంచిన పంటే తర్వాతి కాలంలో కరెంటుకూ ఆధారమైంది.

టన్ను చెరకు ఆడితే దాదాపు 300 కిలోల పిప్పి మిగులుతుంది. దాన్ని బాయిలర్‌లో మండిస్తే నీరు ఆవిరవుతుంది. ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. వచ్చిన కరెంటులో కొంత చక్కెర మిల్లుకే సరిపోతుంది, మిగతాది గ్రిడ్‌కు వెళుతుంది. సెయింట్‌ ఆంట్వాన్‌ మిల్లు 1957లోనే ఇలా మిగులు కరెంటును అమ్మడం మొదలుపెట్టింది. అప్పటి బాయిలర్లు చిన్నవి, ఆవిరి పీడనం తక్కువ. 2000లో బెల్‌వ్యూలో, 2007లో సవానాలో వచ్చిన కేంద్రాల్లో పీడనం 80 బార్లు దాటింది. దాంతో అదే టన్ను చెరకు నుంచి అంతకుముందుకన్నా ఎన్నో రెట్లు కరెంటు వస్తోంది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా క్యాలెండర్‌తోనే! అక్కడ చెరకు కోతలు జూన్‌ నుంచి డిసెంబరు దాకా. పిప్పి దొరికేదీ అప్పుడే. మారిషస్‌ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలు నడి వేసవి. ఏసీలు ఆగకుండా తిరిగేదీ, కరెంటు వాడకం అన్నిటికన్నా పెరిగేదీ సరిగ్గా పిప్పి అయిపోయాకే. పోనీ నిల్వ చేద్దామంటే.. పిప్పి తేలికే కానీ కొండంత జాగా కావాలి. తడి ఉంటే పులిసిపోతుంది, ఆరితే అగ్గి భయం. అందుకే ఆ బాయిలర్లను రెండు ఇంధనాలకూ పనికొచ్చేలా కట్టారు. కోతల కాలంలో పిప్పి, మిగతా నెలల్లో ఓడల్లో దిగే బొగ్గు!

రాన్రానూ బొగ్గుదే పైచేయి అయింది. కారణం కరెంటులో లేదు, పంచదార ధరలో ఉంది. 1975 నుంచి ఐరోపా మార్కెట్‌ మారిషస్‌ పంచదారను ఖాయమైన మంచి ధరకు కొనేది. 2006లో మొదలైన సంస్కరణలతో ఆ ధరలో 36 శాతం కోతపడింది. ఆ దెబ్బకు చిన్నరైతులు వెనక్కి తగ్గారు. పిల్లలు చదువుకుని పట్నాల్లో ఉద్యోగాలకు వెళ్లారు, కోత కూలీలు దొరకడం లేదు. చాలా చేలు బీడుపడ్డాయి, కొన్ని ఇళ్లస్థలాలయ్యాయి. 1970ల్లో 80 వేల హెక్టార్ల దాకా ఉన్న చెరకు ఇప్పుడు దాదాపు సగానికి పడిపోయింది. పందొమ్మిదో శతాబ్దంలో రెండొందలకు పైగా ఉన్న చక్కెర మిల్లుల్లో మిగిలినవి మూడే. రైతు చెరకు మానేస్తే తగ్గేది పంచదార ఒక్కటే కాదు, దేశపు సొంత ఇంధనం కూడా!

మరి ఎండ, గాలి? వాటికీ లోటు లేదు. బాంబూ ప్రాంతంలో 2014లో సుమారు 15 మెగావాట్ల సౌర కేంద్రం మొదలైంది. ప్లెయిన్‌ డెరోష్‌లో 2016 నుంచి గాలిమరలు తిరుగుతున్నాయి. తుపాన్ల బెడద ఉంది కాబట్టి రోడ్రిగ్స్‌ దీవిలో, అవసరమైతే నేలకు వాల్చగలిగే గాలిమరలు పెట్టారు. అయితే దేశం మొత్తం గరిష్ఠ వాడకమే సుమారు 500 మెగావాట్లు. ఇంత చిన్న గ్రిడ్‌లో సౌర ఫలకాల మీదుగా ఓ పెద్ద మబ్బు వెళ్లినా తేడా తెలిసిపోతుంది. ఆదుకునే పొరుగు గ్రిడ్‌ లేదు. అందుకే బ్యాటరీలు కావాలి. వాటితోపాటు రాత్రనకా పగలనకా మండే ఇంధనమూ కావాలి. పిప్పి విలువ తెలిసేది ఇక్కడే. ఎండ సాయంత్రానికి పోతుంది, గాలి చెప్పకుండా ఆగిపోతుంది. మిల్లు పక్కన పోగుపడ్డ పిప్పి మాత్రం అవసరమైన గంటకు అందివస్తుంది.

2030 నాటికి 60 శాతం కరెంటు పునరుత్పాదక వనరుల నుంచే రావాలనీ, బొగ్గు పూర్తిగా మానేయాలనీ 2021లో ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. చాలా ఏళ్లుగా ఆ వాటా ఐదో వంతుకు అటూఇటూగానే ఉంటోంది. ఈ దూరం దాటాలంటే ఫలకాలూ బ్యాటరీలూ కొంటే చాలదు. పిప్పిని వ్యర్థంగా కాక పంటగా లెక్కగట్టాలి. పంచదారకు ఇచ్చినట్టే దానికీ రైతుకు గిట్టుబాటు ధర ముట్టాలి. 2021లో పిప్పికి రైతుకు దక్కే సొమ్మును పెంచారు. కోత తర్వాత చేలో మిగిలే ఎండాకును కూడా బాయిలర్లలో వాడి చూశారు. బీడుపడ్డ చేలల్లో ఎన్ని మళ్లీ పచ్చబడతాయన్న దాన్నిబట్టే, జనవరి ఉక్కపోతలో ఆ దీవి ఎంత బొగ్గు దించుకోవాలో తేలుతుంది.