బొంబాయిలో మన గల్లీ

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి... ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో ఏ ఇంటి ముచ్చట కదిపినా ఈ మూడింట్లో ఏదో ఒకటి తగలక మానదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో అయితే ఎక్కువగా చివరి రెండే! తాత బొంబాయి మిల్లులో మగ్గం నడిపాడు. కొడుకు అదే ఊళ్లో వీసా కోసం పడిగాపులు కాసి గల్ఫ్ విమానమెక్కాడు. మనవడేమో పెళ్లాంపిల్లలతో సెలవుల్లో ముంబయి చూడ్డానికి వెళ్తున్నాడు. గేట్‌వే ఆఫ్ ఇండియా ముందు ఫొటో, జుహూ బీచ్‌లో భేల్‌పురీ, ఆపైన తిరుగు రైలు. తాత బతికిన గల్లీ ఎక్కడుందో ఎవరూ అడగరు.

అడిగితే, అది చేపల బజారు దగ్గర మొదలయ్యే కథ.

గేట్‌వేకి కాస్త దూరంలోనే, కొలాబాలో ససూన్ డాక్ ఉంది. 1875లో కట్టిన ఈ రేవు అప్పట్లో పత్తి వ్యాపారం కోసం. ఆ పత్తే ఊళ్లోకి మిల్లుల్ని తెచ్చింది, మిల్లులు మన నేతన్నల్ని పిలిచాయి. ఇప్పుడక్కడ దిగేది చేపలే. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకు చేరతాయి. మంచుగడ్డలు, తడి గంపలు, ‘పక్కకు జరగండి’ అంటూ మరాఠీలో కేకలు. వేలంపాటలో కోలీ ఆడవాళ్లదే పైచేయి. మానేరు రొహు, బొచ్చె తిని పెరిగిన నాలుకకు చందువా, వంజరం కొత్త రుచులు. బొంబిల్ అనే మెత్తటి చేపను ఎండబెట్టి కూడా అమ్ముతారు. కొనాలనిపిస్తే కొనండి కానీ, రైల్లో పక్క సీటువాళ్లు ఊరుకోరు! పాత చెప్పులతో వెళ్లడం మంచిది. నేలంతా నీళ్లే.

అక్కడి నుంచి టాక్సీలో ఐదారు కిలోమీటర్లు వెళ్తే కామాఠీపురా. పేరు వినగానే మొహం చిట్లించేవాళ్లే ఎక్కువ. సినిమాలు చూపించింది ఒక ముఖమే. నిజానికి ఆ పేరు మనవాళ్లు పెట్టించిందే. నిజాం ఇలాకా నుంచి వచ్చి రోడ్లు, భవనాలు కట్టిన తెలుగు కూలీలను అక్కడ కామాఠీలన్నారు. వాళ్లలో కాంట్రాక్టర్లుగా ఎదిగినవాళ్లూ ఉన్నారు. 1873లో జోతిరావు ఫూలే పుణెలో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో వెంకు బాళోజీ కాళేవార్, జాయా కరాడీ లింగు లాంటి తెలుగువారు కనిపిస్తారు. పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతి ఉంటే బాగుండేది.

ఇక వర్లీ, లోయర్ పరేల్. సిరిసిల్ల పద్మశాలీలకు ఇవి మేనమామ ఊళ్లంత దగ్గర. అక్కడి మిల్లుల్లో మగ్గాన్ని ‘సాచా’ అనేవారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని నేటికీ ‘సాంచా’ అంటారు. మాట ఎటు నుంచి ఎటు వచ్చిందో ఊహించుకోవచ్చు. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైన సమ్మెలో రెండున్నర లక్షల మంది పని ఆపారు. తర్వాత చాలా మిల్లులు తెరుచుకోనే లేదు. కొందరు భీవండీ మరమగ్గాల వైపు వెళ్లారు, కొందరు ఊరి బస్సెక్కారు. నాటి ఫీనిక్స్ మిల్లు స్థలంలో ఇవాళ పెద్ద షాపింగ్ మాల్ ఉంది. మనవళ్లు అందులో బట్టలు కొంటున్నారు!

చూడాలనుకునేవాళ్లు మరీ ఆలస్యం చేయకూడదు. 1920ల్లో కట్టిన వర్లీ బీడీడీ చాళ్లు ఒక్కొక్కటే నేలమట్టమవుతున్నాయి. 160 చదరపు అడుగుల గదిలో కాపురాలు చేసినవారికి 500 చదరపు అడుగుల ఫ్లాట్లు వస్తున్నాయి. 2025 ఆగస్టులో తొలి విడతగా 556 కుటుంబాలు తాళాలు అందుకున్నాయి. వాళ్లకు అది పండగే, కాదనలేం. కామాఠీపురాకూ పునర్నిర్మాణ ప్రణాళిక సిద్ధమైంది.

అందుకే టికెట్లు తీసుకునేముందు ఇంట్లో పెద్దాయన పక్కన కాసేపు కూర్చోవాలి. చాల్ నంబరు, గల్లీ నంబరు, గదిలో ఎందరు పడుకునేవారు... అన్నీ అడిగి రాసుకోవాలి. ఓపిక ఉంటే ఆయన్నీ రైలెక్కించాలి.