తప్పు మిరపకాయది కాదు

"కారం తగ్గించండి, మాంసం మానండి." కడుపుమంటతో ఆసుపత్రి మెట్లెక్కిన మన పేదవారికి దాచేపల్లి ప్రాంతంలో మొదట లభించే వైద్యం ఈ రెండు వాక్యాలే. మూడవది ఉంటే అది గ్యాస్ బిళ్ళ పేరు. మిరప పండే నేల మీద మిరపను నిందించడం తేలిక. ముస్లిం ఇంటి వంటను నిందించడం మరీ తేలిక. నింద రోగి మీదికి పోయాక కారణం వెదికే పని ఎవరికీ ఉండదు.

అయితే కారణం ఎప్పుడో తెలిసిపోయింది. ఆస్ట్రేలియా వైద్యుడు బారీ మార్షల్ 1984లో ఒక బాక్టీరియాను తానే తాగి, జబ్బు తెచ్చుకొని చూపించాడు. కడుపులో పుండ్లకు చాలావరకు మూలం ఆ హెలికోబాక్టర్ పైలోరీయే అని తేల్చినందుకు ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఉన్న పుండును కారం మండించవచ్చు, పుండును పుట్టించేది మాత్రం అది కాదు. ఆ సూక్ష్మజీవి ఎక్కువగా చిన్నతనంలోనే, ఇరుకు ఇళ్లలో, అపరిశుభ్రమైన నీటి వల్ల ఒంట్లో చేరుతుంది. రెండవ కారణం నొప్పి బిళ్ళలు. మిరప కోతకు వెళ్లే ఆడకూలీ, సున్నపు బట్టీలో పనిచేసే మగవాడు ఒళ్లునొప్పులకు ఆర్‌ఎంపీ వద్ద తీసుకొనే ఆ బిళ్ళలే కడుపు లోపలి పొరను తినేస్తాయి. ఇరుకు ఇల్లు, చెడ్డ నీరు, విరామం లేని కూలిపని: ఇవి వంటింట్లో పుట్టినవా?

మా ఇంటి సంగతే చెబుతాను. మా ఆపా పన్నెండేళ్లు గ్యాస్ బిళ్ళలతో గడిపింది. మలం నల్లగా వస్తున్నదని నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. ఓపీలో కూర్చున్నది మగ డాక్టరు, వెనుక నిలుచున్నది ఊరి జనం, ఎలా చెబుతుంది? నలుపు అంటే లోపల రక్తం కారుతున్నదని అర్థం. ఒకనాడు నమాజు చాప మీదనే సొమ్మసిల్లింది. ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళితే పడక లేదన్నారు. మరొక చోట, ముందు ఎండోస్కోపీ చేయించుకొని రమ్మన్నారు. కార్డు చూపిస్తే, "చేర్చుకున్నాక పనికొస్తుంది, ఇప్పుడు నగదు కట్టండి" అన్నారు. గాజులు తాకట్టు పెట్టి కట్టాము. పుండు కనిపించింది, బాక్టీరియా కూడా కనిపించింది. రక్తం ఎక్కించాక రెండు వారాల మందులు వాడింది. పన్నెండేళ్ల బాధ పదిహేను రోజుల్లో తీరింది. నన్ను ఇప్పటికీ కాల్చేది ఆ పదిహేను రోజులే. మొదటి ఏడాదే ఎవరైనా పరీక్ష రాసి ఉంటే?

2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్ వైద్య సేవ, లక్షల కుటుంబాలను అప్పుల నుంచి కాపాడిన పథకం. దానిని తక్కువ చేయను. కానీ దానిని మొదటినుంచీ ఆసుపత్రిలో చేరి చేయించుకొనే చికిత్సల చుట్టూ అల్లారు. జీర్ణకోశ వ్యాధి ఏళ్ల తరబడి ఓపీ చీటీల మీదనే నడుస్తుంది. పుండు పగిలితే, పేగు మూసుకుపోతే తలుపు తెరుచుకుంటుంది. పగలకుండా చూసే పరీక్షకు రోగి తన జేబే వెదుక్కోవాలి. జేబు ఖాళీ అయితే గ్యాస్ బిళ్ళే.

నీటి సంగతి వేరే చెప్పాలా? 2018 మార్చిలో గుంటూరు పాత పట్టణంలో, మనవారు ఎక్కువగా ఉండే ఆనందపేట వంటి పేటల్లో, మురుగు కలిసిన కుళాయి నీరు తాగి ప్రజలు విరేచనాలతో ప్రాణాలు విడిచారు. 2024 అక్టోబరులో మన దాచేపల్లి అంజనాపురం కాలనీలో అదే వ్యాధి ఇద్దరిని తీసుకుపోయింది, అప్పుడు గాని బోర్లు మూయించలేదు. చనిపోయినవారిది ఏ మతమని నేను అడగను, మురుగునీరూ అడగదు. కానీ కాలువ పక్కన పైపు వేసిన పేటల్లో ఎవరు నివసిస్తున్నారో మాత్రం అడుగుతాను. 1971లో బంగ్లా శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటితో వేల ప్రాణాలు నిలిపారు. యాభై ఏళ్ల తరువాత మన కాలనీలో మనిషి విరేచనాలతో చనిపోతే దానిని వ్యాధి అనడానికి నాకు నోరు రాదు.

ముస్లింలు ఎక్కువగా ఉన్న పెద్ద గ్రామాల్లో దాదాపు 40 శాతానికి ఏ వైద్య సదుపాయమూ లేదని 2006లోనే సచార్ కమిటీ చెప్పింది. గుమాస్తాగా బతికినవాణ్ణి గనుక ఒక మాట చెబుతాను: రిజిస్టరులో గడి లేని బాధ ప్రభుత్వానికి కనబడదు. ఓపీ పుస్తకంలో "గ్యాస్" అని రాసి గీత గీస్తే, ఆ మనిషి లెక్కలో ఆరోగ్యవంతుడే.

మనవైపు తప్పు లేదా? ఉంది. జల్సాకు షామియానా, లైట్లకు చందా పోగుచేసే కమిటీలు మసీదు వజూ ట్యాంకు నీటిని, పేట కుళాయి నీటిని ఒక్కసారైనా పరీక్షకు పంపాయా? ఖత్నాకూ, క్షవరానికీ ఒకే కత్తి పదిమందికి వాడితే హెపటైటిస్ బి కాలేయానికి చేరుతుందని జుమా నాడు ఎవరైనా చెప్పారా? 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలూ మందులూ ఉచితమన్న సంగతి మన పేటల్లో ఎందరికి తెలుసు?

అడగవలసినవి పెద్ద కోరికలు కావు. గురజాల ఆసుపత్రిలో వారానికి ఒక నిర్ణీత రోజున ఉచిత ఎండోస్కోపీ. ఆ రోజు ఓపీలో ఒక మహిళా వైద్యురాలు, ఒక తెర. నెలల తరబడి కడుపుమంట ఉన్నవారికి ఆ బాక్టీరియా పరీక్ష. ప్రతి పేట నీటి పరీక్ష ఫలితం నగర పంచాయతీ బోర్డు మీద తేదీతో సహా. అత్యవసర రోగిని ప్రభుత్వ ఆసుపత్రి తిప్పి పంపడం జీవించే హక్కును హరించడమేనని సుప్రీంకోర్టు 1996లో, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో చెప్పింది. పడక లేదన్న మాట విన్నవారు ఆ తీర్పు పేరు గుర్తుపెట్టుకోండి.

సోమవారం నరసరావుపేట కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. రాబోయే సోమవారం నేను వెళుతున్నాను. గత ఏడాది మన ప్రాంత ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎన్ని ఎండోస్కోపీలు జరిగాయో చెప్పమని సమాచార హక్కు దరఖాస్తు కూడా అదే రోజు ఇస్తాను. మీ ఇంట్లో కడుపుమంటతో ఏళ్లు గడిపినవారు ఉంటే ఓపీ చీటీలు, మందుల రశీదులు నకళ్లు తీయించి తీసుకురండి. అసలువి మాత్రం ఎవరికీ ఇవ్వకండి, నాకు కూడా.