కరెంటు బస్సు సరే, స్టీరింగు ఎవరి చేతిలో?

నగరాలకు కరెంటు బస్సులొస్తున్నాయని పేపర్లు పండగ చేస్తున్నాయి. పొగ ఉండదంట, చప్పుడుండదంట. మంచిదే. డీజిల్ పొగ మీద మాకేం ప్రేమ లేదు. బస్టాండు ఊడ్చే మన అక్కలు దాన్ని రోజూ మింగుతానే ఉన్నారు. మేమడిగేది వేరే. ఆ బస్సు ఎవరిది? దాన్ని తోలేది ఎవరు?

2023 ఆగస్టులో కేంద్రం పీఎం ఈ-బస్ సేవ పథకం తెచ్చింది. 57,613 కోట్ల అంచనా, 10,000 బస్సులు. పెద్ద నగరాలకే. మన రాష్ట్రానికి చెప్పిన 750 బస్సులూ 11 నగరాలకు. మన దిక్కున అనంతపురం కాడ ఆగిపోయినాయి. 2011 లెక్కల్లో హిందూపురం జనం లక్షన్నర, ధర్మవరం లక్షా ఇరవై వేలు. మూడు లక్షల గీత దాటలేదు కాబట్టి మనం లెక్కలో లేము. పెనుకొండ ఊసే లేదు. ఇంక సోమందేపల్లి, పరిగి పల్లెల సంగతి ఎవరికి కావాల?

కరెంటు మాత్రం మన ఎండది. నంబులపూలకుంట సోలార్ పార్కు మన జిల్లాలోదే. పేదల అసైన్డ్ భూములు కూడా ఆ పలకల కింద పోయినాయి.

అసలు దెబ్బ కొలువు మీద. ఈ పద్ధతిలో బస్సు కంపెనీది, డ్రైవరు కంపెనీ మనిషి. ఆర్టీసీ కిలోమీటరుకు ఇంతని కట్టాల. 2022లో తిరుపతి, తిరుమల కోసం తెచ్చిన 100 బస్సులదీ ఇదే దారి. ఆర్టీసీ డ్రైవరు పోస్టు అయితే ఎస్సీలకు 15, ఎస్టీలకు 6 శాతం రోస్టరుంది. 2020 జనవరి 1 నుంచి వాళ్లు సర్కారు ఉద్యోగులు కూడా. మన గేరిలో హెవీ లైసెన్సు తీసి ఎదురుచూసే పిల్లోడికి అది బతుకు దారి. కంపెనీ గేటు కాడ రాజ్యాంగం 16(4) పనిచెయ్యదు. రిజర్వేషన్ రద్దు చేస్తామని ఎవరూ చెప్పరు, పోస్టే లేకుండా చేస్తారు.

ఆర్టీసీకి బస్సులు కొనే శక్తి లేదు, నష్టాలంటారు. మరి పదేళ్లపాటు కిలోమీటరు లెక్కన సాయం చేస్తామంటోంది కదా కేంద్రం! ఆ డబ్బుతో ఆర్టీసీయే కొని, ఆర్టీసీ డ్రైవర్నే ఎందుకు ఎక్కించకూడదు?

బస్సంటే మనకు ఉత్త చక్రాలు కాదు. ఊరి హోటల్లో వేరే గ్లాసు పెట్టిన రోజుల్లోనే టికెట్టు కొన్నోడికి పక్క సీటిచ్చింది ఎర్రబస్సు. షేరాటోలో ముందు సీటు ఎవరిదో ఇప్పటికీ ఊరే చెప్తాది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది, సంతోషం. బస్సే రాని పల్లెకు ఆ ఉచితం దేనికి?

అన్నలారా, అక్కలారా, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిపో మేనేజర్లకు అర్జీలు పెట్టండి. కరెంటు బస్సు ఒప్పందంలో డ్రైవర్లకు రోస్టరు రాయాలని అడగండి. పల్లెవెలుగు ఆగిపోయిన ఊర్ల పేర్లు, ఆగిన నెలతో సహా, మాకు రాసి పంపండి.