వైఫై రాని లినక్స్ ల్యాప్‌టాప్

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది. మన హోసూరు, కృష్ణగిరి ఇళ్లలోని పాత ల్యాప్‌టాప్‌లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. అందుకని కొందరు ఉబుంటు, మింట్ వంటి లినక్స్ వేసుకుంటున్నారు. లినక్స్ ఇక్కడివారికి బొత్తిగా కొత్తది కాదు. 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, తొలి విడతల్లో విండోస్ పక్కనే సీ-డాక్ వారి బాస్ లినక్స్ కూడా ఉండేది. ఎంతమంది దాన్ని తెరిచి చూశారన్నది వేరే సంగతి!

చిక్కు ఎక్కడొస్తుందంటే, లినక్స్ చక్కగా ఎక్కుతుంది, తెర వెలుగుతుంది, పాట వినిపిస్తుంది, వైఫై మాత్రం కనిపించదు. అంగట్లో చూపిస్తే "కార్డు పోయింది, కొత్తది కొనేయండి" అంటారు. చదువుకునే పిల్లలున్న ఇంట్లో అది పాతిక ముప్పై వేల మాట. నిన్నటిదాకా విండోస్‌లో పనిచేసిన కార్డు ఇవాళ ఉన్నట్టుండి చచ్చిపోతుందా?

వైఫై కార్డు కూడా తనమటుకు తానొక చిన్న కంప్యూటర్. మీట నొక్కిన ప్రతిసారీ దానికి ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాం అందించాలి. దాన్ని ఇతరులు పంచిపెట్టడానికి కొన్ని కంపెనీలు అనుమతి ఇవ్వలేదు. అనుమతి ఉన్నా, మూలం బయటపెట్టని ప్రోగ్రాం కాబట్టి డెబియన్ వారు చాలాకాలం తమ అసలు సీడీలో చేర్చలేదు. 2022లో ఓటు వేసుకుని మనసు మార్చుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి కలిసే వస్తున్నాయి. కాబట్టి ఎవరో ఇచ్చిన పాత పెన్‌డ్రైవ్‌తో కాక, కొత్త విడుదలతో ప్రయత్నిస్తే సగం గొడవ తీరుతుంది.

అప్పటికీ రాకపోతే ముందు కీబోర్డు మీదో, పక్కనో వైఫై మీట ఆపేసి ఉందేమో చూడండి. తర్వాత కార్డు నంబరు కావాలి. ఒకే పేరున్న ఖాతాదారులు పదిమంది ఉండొచ్చు, ఖాతా నంబరు ఒకరిదే. టెర్మినల్‌లో ఎల్-ఎస్-పి-సి-ఐ అని చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి ఎన్-ఎన్ అనండి. 'నెట్‌వర్క్ కంట్రోలర్' అన్న వరుస చివర రెండు ముక్కల నంబరు ఉంటుంది. మొదటిది కంపెనీది. 8086 అంటే ఇంటెల్ (1978లో వచ్చిన వాళ్ల ప్రాసెసర్ పేరే!), 14ఇ4 అంటే బ్రాడ్‌కామ్, 10ఇసి అంటే రియల్‌టెక్. ఇంటెల్ అయితే సాధారణంగా బాధ ఉండదు.

ఎక్కువ ఏడిపించేది పాత బ్రాడ్‌కామ్. దాని ఫర్మ్‌వేర్ ఇంటర్నెట్ నుంచి తెచ్చుకోవాలి. ఇంటర్నెట్ కావాలంటే ఫర్మ్‌వేర్ ఉండాలి! పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్నట్టు. దీనికి విరుగుడు మీ జేబులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే ల్యాప్‌టాప్ దాన్ని వైరు కనెక్షన్‌గా తీసుకుంటుంది. ఆపైన ఉబుంటులో 'అడిషనల్ డ్రైవర్స్' తెరిస్తే అది సూచించే డ్రైవర్ కనిపిస్తుంది. కార్డు నంబరులో రెండో ముక్క 4315 అయితే మాత్రం 'బి43' ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్ మేలు. రెండూ కలిపి వేయకండి, ఒకదానికొకటి అడ్డం.

బ్రాడ్‌కామ్ సొంత డ్రైవర్‌ను కంపెనీ 2015 తర్వాత పట్టించుకోలేదు. అందుకే కెర్నెల్ అప్‌డేట్ అయినప్పుడు వైఫై పోవచ్చు. గాభరా పడక, మొదటి తెరలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లోంచి పాత కెర్నెల్ ఎంచుకోండి. డ్రైవర్ వేసేటప్పుడు సెక్యూర్ బూట్ కోసం పాస్‌వర్డ్ అడిగితే కాగితం మీద రాసుకోండి. మళ్లీ ఆన్ చేసినప్పుడు నీలం తెరలో 'ఎన్‌రోల్ మోక్' ఎంచుకుని అదే కొట్టాలి. చాలామంది అక్కడ ఎంటర్ నొక్కి దాటిపోతారు, డ్రైవర్ పనిచేయదు.

ఇంత తంటా ఎందుకు, బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు వెళ్లి చిన్న యూఎస్‌బీ వైఫై ముక్క కొంటే పోలేదా అంటే, కొనవచ్చు. కానీ పేరు చూసి కొనకండి. టీపీ-లింక్ 722ఎన్ అనే ముక్క తొలి వెర్షన్‌లో అథెరోస్ చిప్ ఉండేది, లినక్స్‌లో ఇట్టే పనిచేసేది. రెండో వెర్షన్ నుంచి రియల్‌టెక్ చిప్ పెట్టారు. బయట చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. లోపలి చిప్ పేరు చెప్పగలిగిన అంగడిలోనే, నప్పకపోతే తిరిగి తీసుకుంటామంటేనే డబ్బు ఇవ్వండి.

ఇవన్నీ చేసినా రాకపోతే ఆ రెండు ముక్కల నంబరు, లినక్స్ పేరు, వెర్షన్ రాసి పత్రికకు పంపండి. వచ్చే సంచికలో చూద్దాం.